బాపు ముట్టని కల్లు

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, కరీంనగర్‌లో మా ఇంట్లో అందరం టీవీ ముందు చేరాం. మా అల్లుడు ఏదో యుద్ధకాలం నాటి సినిమా పెట్టాడు. అందులో తుపాకులు తక్కువ, టేబుళ్లు ఎక్కువ. అవతల లోకం సగం తగలబడుతుంటే, ఇవతల ముగ్గురు దేశాధినేతలు ఒక పెద్ద భవంతిలో కూర్చుని, ఏ ఊరు ఎవరికి, ఏ నది ఎవరికి అని పటాల మీద వేళ్లు పెట్టి తేల్చుకుంటుంటారు. మాటకు ముందు ఒక గ్లాసు, మాట అయ్యాక ఇంకో గ్లాసు. మా ఆయన సగం నిద్రలో కళ్లు తెరిచి, "వీళ్లు లడాయి చేస్తుండ్రా, దావత్ చేస్తుండ్రా?" అన్నాడు. డబ్బింగ్ చెప్పినవాళ్లు పౌరాణిక నాటకంలోలాగా "మహాశయా" అని సాగదీస్తుంటే నాకూ నవ్వొచ్చింది.

అంతలో ఒక సీను వచ్చింది. ఆ ముగ్గురిలో ఒకాయన తాగడు. ఎదుటాయన లేచి నిలబడి, యుద్ధంలో పోయిన తనవాళ్ల పేరు చెప్పి గ్లాసు ఎత్తాడు. గదిలో అందరూ ఈ తాగని ఆయన వైపు చూశారు. ఆయన ఒక్క క్షణం ఆగి, గ్లాసు పెదవికి తాకించి కింద పెట్టేశాడు. అంతే, మాటలు ముందుకు సాగాయి. నేను లేచి వంటింట్లోకి పోయాను. మా ఆయనకు సంగతి అర్థమైంది కాబోలు, టీవీ చప్పుడు తగ్గించాడు. అల్లుడికి ఏం తెలుసు పాపం, వెనకే వచ్చి "ఏమైంది అత్తమ్మా?" అని అడిగాడు. "ఏం లేదు బిడ్డా, బాపు యాదికొచ్చిండు" అన్నాను.

మేం నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు మందమర్రిలో బొగ్గు బాయిలో పనిచేసేవాడు. కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. టింబర్‌మన్ అనేవాళ్లు. కప్పు కూలేముందు సన్నగా చప్పుడు చేస్తుందనీ, అది వినేవాడే ముసలితనం చూస్తాడనీ చెప్పేవాడు. ఆ వినే అలవాటు ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. ఎవరు ఏం చెప్పినా తల కొంచెం పక్కకు వంచి, చివరిదాకా విని, అప్పుడు కూడా ఏమీ అనేవాడు కాదు. అందుకే కాలనీలో ఏ రెండు ఇళ్లకు పడకపోయినా మా గుమ్మం ముందుకు వచ్చేవారు. ఆయన పద్ధతి ఒకటే. ముందు ఇద్దరినీ ఎవరి ఇంటికి వాళ్లను పంపేయడం, వారం పదిరోజులు ఆ ఊసే ఎత్తకపోవడం. "కోపం మీద చెప్పిన మాట పచ్చి కట్టె బిడ్డా. ఆరనియ్యాలె. పచ్చి కట్టె వెట్టి కప్పు నిలబెడితే మన మీదికే వస్తది" అనేవాడు. నిజంగానే వారం గడిచేసరికి సగం కొట్లాటలు వాటంతట అవే చల్లారేవి. మిగతా సగాన్ని ఆయన అటూ ఇటూ తిరిగి చల్లార్చేవాడు. అమ్మలక్కలు మా అవ్వతో "మీ ఆయన నోట్లె బెల్లం వెట్టుకొని తిరుగుతడా?" అని ఎగతాళి చేసేవారు.

మాది మిషన్ చర్చి కుటుంబం. బాపు సంఘపెద్ద. తాగుడు విషయంలో మాత్రం ఆ బెల్లం నోరు ఇనుములా బిగుసుకునేది. పద్దెనిమిదేళ్లప్పుడు చర్చిలో అందరి ముందూ నిలబడి తాగనని, ముట్టనని, తాగేచోట కూర్చోనని మాటిచ్చాడట. ఆ మాటను ఎంత దూరం లాగాడంటే, దగ్గుమందు సీసా మీద రాసింది నాతో చదివించి, అందులో సారా పాలు ఉందంటే రాత్రంతా దగ్గేవాడు కానీ ముట్టేవాడు కాదు. పిండి పులిసిందని జిలేబీ తినేవాడు కాదు. ఇడ్లీ పిండి కూడా పులుస్తుంది కదా అని మా అవ్వ ఒకసారి అడిగితే, రెండు రోజులు ఆలోచించి, "ఇడ్లీ వేరే" అని తీర్పు చెప్పాడు. పెళ్లిళ్లలో మగవాళ్లంతా కల్లు కుండల, లొట్ల చుట్టూ చేరితే, ఈయన ఒక్కడే పందిట్లో కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాసేవాడు.

ఆ పట్టుదల వెనక భక్తి ఒక్కటే లేదని నాకు చాలా పెద్దయ్యాక తెలిసింది. మా తాత చెన్నూరు దగ్గర ఒక పల్లెలో పాలేరు. సాయంత్రం పని అయ్యాక రైతులు కల్లు తాగుతుంటే, మావాళ్లు దూరంగా నేల మీద కూర్చుని దోసిలి పట్టేవారట. పోసేవాడు చెయ్యి ఎత్తి, లొట్టి తగలకుండా పైనుంచి పోసేవాడట. సగం దోసిట్లో, సగం గడ్డం మీద, గుండెల మీద. మా తాత అలా తడిసి, నవ్వుకుంటూ ఇంటికి రావడం బాపు చిన్నతనమంతా చూశాడు. ఆ నవ్వు గురించి నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ నా ముఖం చూడకుండా.

ఇరవై ఏళ్ల కిందటి మాట. నేను అప్పటికి మందమర్రిలోనే స్కూల్లో టీచరును, ఇద్దరు పిల్లల తల్లిని. మా అవ్వ అప్పటికే పోయింది. ఆమె చెల్లెలు, మా చిన్నవ్వ, చెన్నూరులో ఉండేది. భర్త లేడు, ఒక్కడే కొడుకు. నాకు వరసకే తమ్ముడు కానీ నేను చంకనెత్తుకుని పెంచినవాడు. వాడు గల్ఫుకు పోయి నాలుగేళ్లయింది. అక్కడ ఒక గదిలో ఎనిమిది మంది, అందరూ మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కువాళ్లే. ఒక శుక్రవారం వంట ఎవరి వంతు అన్నదాని మీద మాటా మాటా పెరిగింది. మావాడు మంథని దిక్కు పిల్లవాణ్ని ఒకణ్ని తోశాడు. ఆ పిల్లవాడు వెనక్కి పడ్డాడు. తల ఇనుప మంచం కోడుకు తగిలింది. అంతే. పప్పు ఎవరు వండాలన్నదాని మీద ఒక ప్రాణం పోయింది, ఇంకో ప్రాణం జైల్లో పడింది. కోర్టు మరణశిక్ష వేసింది.

అక్కడి చట్టంలో ఒక దారి ఉంది. చనిపోయినవాడి తల్లిదండ్రులు ఇద్దరూ క్షమించామని కాగితం మీద వేలిముద్ర వేస్తే ఉరి తప్పుతుంది. ఒక్కరు వేసి ఒక్కరు వేయకపోతే లాభం లేదు. గల్ఫు కేసులు చూసే ఒక వకీలు ఆ కాగితం తయారు చేయించి ఇచ్చాడు, ఒక పక్క అరబ్బీ, ఒక పక్క తెలుగు. "శిక్ష ఎప్పుడన్నది ముందుగ చెప్పరు. మీరు ఎంత జల్ది చేస్తే అంత మంచిది" అన్నాడు. చిన్నవ్వ ఆ కాగితం తెచ్చి మా బాపు ఒళ్లో పెట్టింది. "బావా, లోకమంత రాజీ చేసినవు. నా కొడుకు పాణం గూడ నీ చేతులనే ఉన్నది" అంది. ఆడదిక్కు కూడా ఒకరు ఉండాలని బాపు నన్ను వెంట రమ్మన్నాడు. కాగితం, ఇంకు ప్యాడు నా సంచిలో పెట్టుకున్నాను.

మందమర్రి నుంచి మంచిర్యాల, అక్కడి నుంచి గోదావరిఖని, అక్కడి నుంచి మంథని, ఆ తర్వాత ఆటో. నాలుగు మార్లు ఎక్కి నాలుగు మార్లు దిగితే ఆ ఊరు. పిల్లవాడి తండ్రి రైతు, నాలుగెకరాల వరి, గట్టు మీద తాటిచెట్లు. వయసులో బాపు కంటే రెండు మూడేళ్లు పెద్ద. మొదటిసారి పోయినప్పుడు మమ్మల్ని వాకిట్లోకి రమ్మనలేదు, పొమ్మనలేదు. పొద్దుగూకేదాకా అరుగు మీద కూర్చుని లేచొచ్చాం. రెండోసారి ఇంటావిడ నాకొక్కదానికి మంచినీళ్లు ఇచ్చింది. మూడోసారి ఆ పెద్దాయన నోరు తెరిచి, "పైసల ముచ్చట తెస్తే మాత్రం గిప్పుడే అరుగు దిగుండ్రి" అన్నాడు. బాపు, "పైసలు తేలేదన్నా. దండం వెట్టుకునేతందుకు వచ్చిన" అన్నాడు. 'అన్నా' అని పిలవడం ఆ ఊళ్లో మావాళ్లకు చెల్లే మాట కాదు. పెద్దాయన తలెత్తి చూశాడు, కానీ తప్పు పట్టలేదు.

ఆ రోజే ఇంటావిడ నన్ను లోపలికి పిలిచింది. పొయ్యి ముందు పీట వేసి కూర్చోబెట్టింది. తర్వాత, "మీ తమ్మునికి ఏం కూరంటే పాణం?" అని అడిగింది. పుంటికూర పప్పు అని చెప్పాను. ఆమె తల ఊపింది. "మావోడు ఫోన్ల చెప్తుండె. రూముల చెన్నూరు పిలగాడున్నడు, పుంటికూర మంచిగ వండుతడు, మస్తు నవ్విస్తడు అని." కళ్లు తుడుచుకుని, "నా కొడుకెట్లయినా రాడు. ఇంకో అవ్వ కొడుకును గుంజుకొని నేనేం చేసుకుంట బిడ్డా. మా ఆయనకు నేను చెప్త" అంది. ఆమెకు నేను దండం కూడా పెట్టలేకపోయాను, చేతులు లేవలేదు.

నాలుగోసారి ఒక మంగళవారం స్కూలుకు సెలవు పెట్టి పోయాను. మేం పోయేసరికి వాకిలి ఊడ్చి చల్లారు. ఊరి పెద్దమనుషులు ఇద్దరు మంచం మీద కూర్చుని ఉన్నారు. కాగితం మీదున్న తెలుగు నేను చదివి వినిపించాను. ఇంటావిడ గడపలోంచి వచ్చి, ఇంకులో వేలు ముంచి, తన జాగాలో గట్టిగా అద్దింది. తర్వాత ఆ వేలిని కొంగుకు తుడుచుకుంటూ అక్కడే నిలబడింది. పెద్దాయన, "ఏస్త, నేను గూడ ఏస్త. ఇగ మా రివాజు ఒకటున్నది, అది కానియ్యండి" అన్నాడు.

ఆ రివాజు నాకూ తెలుసు. మా దిక్కు ఎంత పెద్ద పంచాయితీ అయినా చివర రెండు పక్షాలూ కలిసి కల్లు తాగితేనే తెగినట్టు. కాగితాలూ సంతకాలూ తర్వాతి సంగతి. కొట్టంలోంచి లొట్టి వచ్చింది. పెద్దాయన తాటాకు మడిచి, అందులో కల్లు పోసుకుని, ముందు కొంచెం నేల మీద సాక పోశాడు. చచ్చిపోయినవాళ్ల పేరు మీద పోసేది. "కొడుకా, వాళ్ల తరఫున పెద్దమనిషి వచ్చిండు. నేను ఇడిసిపెడుతున్న. నువ్వు గూడ ఇడిసిపెట్టు" అన్నాడు. తాను ఒక గుక్క తాగి, అదే ఆకును రెండు చేతులతో బాపు ముందుకు చాపాడు. "తాగు తమ్మీ."

బాపు చేతులు జోడించాడు. "అన్నా, నీ కాళ్లు మొక్కుత. నేను ముట్ట. మా దేవుని ముంగట మాటిచ్చిన. నీ కొడుకు కోసం ప్రార్థన చేస్త" అన్నాడు. పెద్దాయన నమ్మలేనట్టు చూశాడు. "జర్రంత. పెదవి తడుపు, సాలు." బాపు కదల్లేదు. మంచం మీదున్న పెద్దమనుషుల్లో ఒకాయన, "కల్లు అనుకోకు పెద్దమనిషీ, గది పిలగాని సాక" అని మెల్లగా చెప్పాడు. బాపు తల వంచుకునే, "నాతోని గాదన్నా" అన్నాడు. పెద్దాయన అప్పుడు ఆకును నావైపు తిప్పాడు. "నువ్వన్న తాగు బిడ్డా. మీ ఇంట్ల ఎవలన్న ఒకలు."

ఈ మాట ఎన్నేళ్లయినా నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు తప్ప. నేను తాగొచ్చు. చర్చిలో నిలబడి నేనేం మాటివ్వలేదు. మా దిక్కు ఆడవాళ్లు కల్లు తాగడం వింతా కాదు. కానీ బాపు తాగనన్నది ఆయన కళ్ల ముందే నేను తాగితే ఆయన పరువేం కావాలి? ఆ ఒక్క ఆలోచనతో నేను నేల చూపులు చూశాను. నేను ఆలోచించింది బాపు పరువు గురించి, నా తమ్ముడి ప్రాణం గురించి కాదు. నిజం అదే.

పెద్దాయన ఆకులోని కల్లు నేల మీద ఒంపేశాడు. అరవలేదు. "మా అయ్య ఉంటే నన్ను కులంల నుంచి ఎలేస్తుండె. నేను తాగిన ఆకు నీ చేతికిచ్చిన. నా కొడుకు పేరు మీద పోసిన కల్లు నీకు మైలయ్యిందా? నీ కాయిదం నువ్వు తీస్కపో" అన్నాడు. ఇంటావిడ "అయ్యో, గట్లనకు" అంటూ ముందుకు రాబోయింది. ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఒక వేలిముద్ర పడి ఒక వేలిముద్ర పడని కాగితాన్ని నేను మడిచి సంచిలో పెట్టుకున్నాను.

గోదావరిఖని బస్సులో నేను ఆగలేకపోయాను. "ఒక్క గుక్క బాపు. ఒక్క గుక్క" అన్నాను. "ఎరుకే బిడ్డా" అన్నాడు. మంచిర్యాలలో దిగేటప్పుడు, "కోపంల ఉన్నడు. ఆరనీ. మల్ల పోదాం" అన్నాడు. జీవితమంతా ఆయన్ను గెలిపించిన పద్ధతి అదొక్కటే, దాన్నే పట్టుకున్నాడు.

తమ్ముడికి జైల్లోంచి శుక్రవారం శుక్రవారం మా ఇంటికి ఫోను చేసుకోనిచ్చేవారు. రెండు మూడు నిమిషాలు. ఆ శుక్రవారం, "అక్కా, ఏమన్నరు?" అని అడిగాడు. "ఒప్పుకున్నరురా. ఆ పిలగాని అవ్వ ఏలుముద్ర అయ్యింది. వాళ్ల బాపుది ఒక్కటి మిగిలింది. జర ఆగు" అన్నాను. "ఆగుత అక్కా. ఈడ ఆగుడు తప్ప ఇంకేం పని?" అని నవ్వాడు. ఆ తర్వాతి శుక్రవారమూ అదే మాట చెప్పాను.

బాపు ఊరికే కూర్చోలేదు. పాస్టరు గారిని పంపాడు, ఆ ఊళ్లో తెలిసినవాళ్లతో చెప్పించాడు. వెళ్లినవాళ్లందరికీ పెద్దాయన చెప్పింది ఒకటే, "ఆయిననే రావాలె. వచ్చి తాగాలె." చిన్నవ్వ చెన్నూరు నుంచి వచ్చి బాపు ముందు నేల మీద కూర్చుంది. "బావా, నువ్వు తాగు. ఆ పాపం నా మీదేస్కుంట. దేవుడు అడిగితే నేను జవాబు చెప్త" అంది. బాపు ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం, మా అవ్వ పోయినప్పటి తర్వాత, అదే మొదలు. "దేవుడు గాదమ్మా. దేవుడు ఇడిసిపెడుతడు. ఆయిన ఆకు ఎత్తంగనే మా అయ్య దోసిలి కండ్లల్ల మెదిలింది. నోరు తెరవరాలే" అన్నాడు. నేనూ చిన్నవ్వా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ పెద్దాయన దోసిలి పట్టమనలేదు, తను తాగిన ఆకునే చేతికిచ్చాడు. యాభై ఏళ్ల కింద మా తాతకు జరిగినదానికి తెలిసో తెలియకో ఆ మనిషి ఇచ్చిన జవాబు అది. బాపుకు మాత్రం అందులో పాత లొట్టే కనబడింది. ఆ సంగతి ఆయనకు విడమరిచి చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. అంత పెద్దమనిషికి నేనేం చెప్తాను అనుకున్నాను.

ఈలోగా వరికోతలు వచ్చాయి. కోతలయ్యాక పోదాం అన్నాడు బాపు, అప్పుడైతే రైతు మనసు నెమ్మదిగా ఉంటుందని. కోతలు అవుతుండగానే ఒక శుక్రవారం ఫోను రాలేదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా నేను ఫోను దగ్గరి నుంచి లేవలేదు. లైను పోయిందేమో అన్నాడు మా ఆయన. పక్కింటి నుంచి మా నంబరుకే చేసి చూశాం, మోగింది. బాపుకు చెప్పాను. తెల్లారి శనివారం పొద్దున్నే చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని మా ఇంటికి వచ్చాడు. "సంచి తీస్కో బిడ్డా" అన్నాడు.

పెద్దాయన పొలం దగ్గర ఉన్నాడు. కోసిన వరి పనలు మెదలు మెదలుగా పడి ఉన్నాయి. గట్టు మీద తాటిచెట్ల కింద కూలివాళ్లతో కలిసి కల్లు లొట్టి ముందు కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. బాపు దగ్గరికి పోయి, "అన్నా, పొయ్యి" అన్నాడు. అని, ఏం తోచిందో, మోకాళ్ల మీద కూలబడి దోసిలి పట్టాడు. మా తాతను నేను చూడలేదు, ఆ రోజు చూశాను. పెద్దాయన ఆ రెండు చేతులనూ పట్టుకుని కిందికి దించి, "దోసిలెందుకు తమ్మీ. లే. ఆకు వట్టుకో" అన్నాడు. ఆకు మడిచి, సాక పోసి, తాను తాగి అందించాడు. బాపు కళ్లు మూసుకుని తాగాడు. పొలమారింది, సగం బయటికే వచ్చింది, తెల్ల చొక్కా తడిసింది. పెద్దాయన వీపు నిమురుతూ, "సాలు, సాలు. అయిపోయింది" అన్నాడు. నేను ఇంకు ప్యాడు తీశాను. పెద్దాయన మోకాలి మీద కాగితం పెట్టుకుని వేలిముద్ర వేశాడు.

బస్సులో బాపు నోటికి తువాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు వాసన చూసి ఒకసారి ఎగాదిగా చూశాడు. ఇంకో రోజయితే బాపు సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఆ రోజు మాత్రం, "పిలగాడు వస్తే ఈ దిక్కే ఏదన్న పని చూద్దాం. మల్ల గల్ఫు వద్దు" అన్నాడు. చిన్నవ్వకు మంచిర్యాల నుంచి ఫోను చేసి చెప్పాం. ఆమె గట్టిగా ఏడవడం ఫోను పట్టుకున్న నాకే కాదు, పక్కన నిలబడ్డ బాపుకు కూడా వినబడింది. కాగితం ఆ సాయంత్రమే వకీలుకు చేర్చాం.

రెండు వారాల తర్వాత వకీలు మా ఇంటికే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మావాడి శిక్ష అమలైపోయిందని, అక్కడే పూడ్చిపెట్టారని చెప్పాడు. ఎప్పుడని బాపు అడిగాడు. మంగళవారం, అన్నాడు వకీలు. మేం తాటిచెట్ల కింద నిలబడ్డ శనివారానికి ముందు వచ్చిన మంగళవారం. నాలుగు రోజుల తేడా.

ఆ పెద్దాయనకు ఎవరు చెప్పారో, వారం తిరగకముందే చెన్నూరు వచ్చాడు. చిన్నవ్వ ఇంటి ముందు చెప్పులు విడిచి, లోపలికి రాకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బాపు పోయి ఆయన పక్కనే కూర్చున్నాడు. పెద్దాయన, "ఆ దినమే ఆకు పక్కకు వెట్టి ఏలుముద్ర ఏస్తే అయిపోతుండె తమ్మీ" అన్నాడు. బాపు, "ఆ దినమే నేను తాగితే అయిపోతుండె అన్నా" అన్నాడు. చిన్నవ్వ గడపలో నిలబడి వింటోంది. ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి ముందు పెట్టింది. "మీ ఇద్దరి మర్యాద మిగిలింది. నా కొడుకే మిగల్లే" అంది. అరవలేదు, తిట్టలేదు. లోపలికి పోయి పొయ్యి రాజేసింది. ఆ ముసలాళ్లిద్దరిలో ఎవరూ ఆ నీళ్లు తాగలేదు.

బాపు సంఘపెద్దగా ఉండనని తనే రాసి ఇచ్చేశాడు. ఎవరూ అడగలేదు, ఎందుకో ఆయన చెప్పలేదు. తర్వాత ఎనిమిదేళ్లు బతికాడు. కాలనీలో కొట్లాటలు జరుగుతూనే ఉన్నాయి, మనుషులు గుమ్మం దాకా వచ్చేవారు కూడా. ఆయన వినేవాడు, విని, "నన్ను అడుగకుండ్రి" అని లోపలికి పోయేవాడు. ఆ పెద్దాయన బాపు కంటే ముందే పోయాడు. చిన్నవ్వ ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆమె ఒక్కసారి కూడా ఆ రోజుల ఊసు ఎత్తదు. ఎత్తితే బాగుండు అనిపిస్తుంది నాకు.

మొదటి ఆకు నేల మీద ఒంపిన మంగళవారం నుంచి రెండో ఆకు బాపు తాగిన శనివారం దాకా యాభై మూడు రోజులు. అందులో ఏడు శుక్రవారాలు నేను ఫోనులో "జర ఆగు" అన్నాను, ఏడు శుక్రవారాలూ వాడు "ఆగుత అక్కా" అన్నాడు. ఆ రోజులు బాపువి అనుకున్నాం, ఆ పెద్దాయనవి అనుకున్నాం, వరికోతలవి అనుకున్నాం. అవన్నీ మా తమ్ముడివి. వాణ్ని అడక్కుండా మేమే వాడేసుకున్నాం.